ఏడాదికో అధ్యక్షుడు, ఏళ్ల తరబడి కమిటీ

రోటరీ క్లబ్బుకు జూలై 1న కొత్త సంవత్సరం. ఆ రోజు అధ్యక్షుడు మారతారు, కార్యదర్శి మారతారు, బోర్డు మారుతుంది. నిన్నటిదాకా గంట కొట్టి సభ ప్రారంభించినవారు ఇవాళ కింద కుర్చీలో మామూలు సభ్యులు. ఎవరి దుకాణం, ఎవరి క్లినిక్కు, ఎవరి ఉద్యోగం వారికుంది. ఈ పనికి ఎవరికీ జీతం లేదు. అయినా చిన్న పట్టణాల్లో సైతం ఇలాంటి క్లబ్బులు దశాబ్దాలుగా నడుస్తున్నాయంటే, నడిపిస్తున్నది వాటి కమిటీలేనని నా నమ్మకం. పేపర్లో ఫొటో పడేది అధ్యక్షుడిదే కనుక ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

వంతుల పద్ధతి ఈ సంస్థకు పుట్టుకతో వచ్చింది. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో తొలి సమావేశం జరిపారు. ఆపైన ఒకసారి ఒకరి ఆఫీసులో, మరోసారి మరొకరి ఆఫీసులో కూడేవారు. 1920కల్లా కలకత్తాలోనూ క్లబ్బు వెలిసింది. ఇలాంటిదే మరో సేవా సంస్థ లయన్స్ పుట్టింది కూడా షికాగోలోనే, 1917లో, మెల్విన్ జోన్స్ చొరవతో.

ఇప్పటి రోటరీ పద్ధతిలో క్లబ్బుకు ప్రధానంగా ఐదు కమిటీలుంటాయి: నిర్వహణ, సభ్యత్వం, ప్రచారం, సేవా ప్రాజెక్టులు, ఫౌండేషన్. పేర్లు వింటే పని అర్థం కాదు. ఒక కంటి శిబిరాన్ని మొదటి నుంచి చివరిదాకా గమనిస్తే అర్థమవుతుంది.

1925లో ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ మహాసభలో, చూపులేనివారికి అండగా నిలవమని హెలెన్ కెల్లర్ కోరారు. అప్పటి నుంచి కంటి సేవ లయన్స్ సొంత పని అయింది. మన జిల్లాల్లో రోటరీ క్లబ్బులూ శిబిరాలు పెడుతుంటాయి. శిబిరం జరిగేది ఆదివారం, పని మొదలయ్యేది వారాల ముందు. ఆసుపత్రివారు ఎన్ని ఆపరేషన్లు చేయగలరో ఒకరు కనుక్కోవాలి. ఇంకొకరు సర్పంచులకు కబురు పెట్టి, ఆటోకు మైకు కట్టించాలి. హెడ్మాస్టరుగారిని అడిగి గదులు, బెంచీలు, కరెంటు చూసుకోవాలి. పేర్లు రాసే బల్ల దగ్గర ఓపికున్న మనిషి కూర్చోవాలి: అవ్వకు తన వయసు తెలియదు, ఫోన్ నంబరు కొడుకుది, కొడుకేమో పట్నంలో ఉంటాడు. రోటరీ 1989లో గానీ మహిళలకు తలుపు తీయలేదు. ఈ బల్ల దగ్గర మహిళా సభ్యులు కూర్చుంటే అవ్వలు ఎంత సులువుగా మాట్లాడతారో చూసినవారికి ఆ ఆలస్యం బాధ కలిగిస్తుంది.

బీపీ, షుగరు ఎక్కువున్నవారికి ఆపరేషన్ వాయిదా అని నచ్చజెప్పి, మందులు వాడేలా చూసి, మళ్లీ తీసుకురావడం వేరొకరి బాధ్యత. బస్సు, భోజనం, తోడొచ్చినవారికి పడక సరేసరి. ఆపరేషన్ అయ్యాక వారాల తరబడి చుక్కలు వేసుకోవాలి, చెప్పిన తేదీకి మళ్లీ చూపించుకోవాలి. ఫొటోలు ఆదివారమే అయిపోతాయి. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసి “చుక్కలు వేసుకుంటున్నావా అమ్మా?” అని అడిగే సభ్యులుంటారు. క్లబ్బులో అందరికన్నా విలువైనవారు వాళ్లేనంటాను.

డబ్బు విషయంలో కట్టుబాటు ఇంకా గట్టిది. సభ్యుల చందాతో క్లబ్బు ఖర్చులు గడవాలి. జనం ఇచ్చిన విరాళం సేవకే వెళ్లాలి. లయన్స్‌లో ఇది నియమం. రోటరీలోనూ బడ్జెట్టు రెండు భాగాలు. ప్రాజెక్టులకు నిధులిచ్చే రోటరీ ఫౌండేషన్ నుంచి గ్లోబల్ గ్రాంటు కావాలంటే ఇక్కడి క్లబ్బు, భాగస్వామిగా నిలిచే విదేశీ క్లబ్బు చెరొక కమిటీ వేయాలి, ఒక్కోదానిలో కనీసం ముగ్గురుండాలి. స్నేహితుణ్ణి బిల్లు చూపించమనడం మొహమాటమే. కమిటీ ఉంటే, అడిగినవారికి చెడ్డపేరు రాదు, చూపించినవారికి చిన్నతనం ఉండదు.

ఏడాది పదవిలో ఒక ప్రమాదమూ ఉంది. తన పేరు నిలవాలని ప్రతి అధ్యక్షుడూ కొత్త పని మొదలుపెడితే పాతవి ఎవరు చూడాలి? బడిలో మంచినీళ్ల ప్లాంటు పెట్టి, రిబ్బను కత్తిరించి వెళ్లిపోతే, ఫిల్టరు మార్చే దిక్కులేక అది మూలపడుతుంది. అందుకే ఒక కమిటీలో చేరినవారిని మూడేళ్లు అందులోనే ఉంచమని రోటరీ సూచిస్తుంది. బోర్డులో కూడా దిగిపోయిన అధ్యక్షుడు, ఉన్న అధ్యక్షుడు, రాబోయే అధ్యక్షుడు పక్కపక్కనే కూర్చుంటారు. జూన్ నెలలో చేతులు మారేవి ఎవరికీ కనిపించనివి: మినిట్స్ పుస్తకం, బ్యాంకు సంతకాలు, దాతల జాబితా, సగంలో ఉన్న పనుల కాగితం.

ఈ పద్ధతి ఎంతదూరం మోయగలదో పోలియో చూపించింది. 1979లో ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మంది పిల్లలకు చుక్కల మందు వేయించే ప్రాజెక్టు చేపట్టిన రోటరీ, 1985లో పోలియోప్లస్ అనే పోలియో నివారణ కార్యక్రమాన్ని ప్రకటించింది. 1995లో మన దేశమంతటా పల్స్ పోలియో మొదలయ్యాక, ప్రభుత్వ ఆరోగ్య సిబ్బందితో పాటు క్లబ్బు సభ్యులూ బూత్‌ల దగ్గర నిలబడ్డారు. మన దేశపు చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. పోలియోప్లస్ మొదలైన నాటి నుంచి ఆ పత్రం వచ్చేదాకా పాత క్లబ్బుల్లో ఒక్కోదానికి ముప్పై మందికి కాస్త అటూ ఇటూ అధ్యక్షులు మారారు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో వైరస్ ఇంకా పోలేదు కనుక మన దగ్గర పల్స్ పోలియో ఆదివారాలు ఆగలేదు. ఏ బూత్ దగ్గర ఎవరుండాలో రాసుకునే పని ఆ కమిటీలకు ఇంకా ఉంది.