బఠాణీలు, అత్తాకోడళ్లు

నవలలకి సమీక్షలు రాసుకుంటాం. లక్షలమంది పిల్లలు చదివే పాఠాలకి ఎవరూ రాయరు. ఇచ్ఛాపురంలో పదో తరగతికి ఏటా అనువంశికత పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఆ పని నేనే చేస్తున్నాను.

మెండెల్ కథకి మంచి ఎత్తుగడ ఉంది. మఠం తోట, బఠాణీ మొక్కలు, ఓపిగ్గా వేసిన లెక్క. 5474 గుండ్రటి గింజలకి 1850 ముడతల గింజలు, అంటే దాదాపు మూడుకి ఒకటి. 1866లో అచ్చయిన ఆ లెక్క ఇవాళ చెప్పినా పిల్లలకి ముచ్చటే.

చిక్కంతా భాషతో. 'క్షయకరణ విభజన' అనగానే క్లాసుకి క్షయ జబ్బు గుర్తొస్తుంది. 46 క్రోమోజోములు 23 అవుతాయి, 'సగమయ్యే విభజన' అన్నా సరిపోయేది. దాన్ని నవ్వి దాటేస్తాం. 'అంతర్గత లక్షణం' దగ్గర మాత్రం ఎవరూ నవ్వరు. లోపల దాగి, ఒక తరం దాటాక బయటపడొచ్చు అని చెప్తుండగా ఓ కుర్రాడు లేచాడు.

"మా తాతకీ కిడ్నీ జబ్బే, మా నాన్నకీ అదే. నాకూ వస్తాదేటి సార్?"

కవిటి, సోంపేట, పలాస... ఉద్దానంలో ఎక్కడ ఈ పాఠం చెప్పినా ఈ ప్రశ్న కాచుకునే ఉంటుంది. 'అనువంశికత'లో వాడికి వినబడింది వంశం ఒక్కటే. వంశంలో ఉన్నది తప్పదని ఇంట్లో ఎప్పుడో నేర్చుకున్నాడు.

బోర్డు మీద 'అత్త, కోడలు' అని రాశాను. ఇద్దరికీ జబ్బొస్తే? రక్తం వేరు. నుయ్యి ఒకటే, పొలం ఒకటే, నెత్తిన ఎండ ఒకటే. ఇంట్లో ఉన్నదంతా జన్యువుల్లో ఉందనుకోకూడదు. సంతోషంగా చాక్‌పీసు దించబోతుంటే వెనక బెంచీ పిల్ల అంది:

"మేనరికమైతే సార్? అత్తంటే మేనత్తే గదా?"

మేనత్తకీ మేనకోడలికీ సుమారు నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి. నా ఉదాహరణ కూలింది, పాఠం మొదలైంది. ఉద్దానం జబ్బుకి ఫలానాదే కారణమని ఇంకా తేలలేదని, అందులో వారసత్వం వాటా ఎంతో కూడా తేలలేదని చెప్పాను. కుర్రాడు కూర్చున్నాడు. ఊరట కలిగిందో లేదో తెలీదు.

కణ విభజనకి ఉల్లి వేరు కొస చూపిస్తాం. బయట చూస్తే కొబ్బరి తోటలు. లేత బొండంలో కేంద్రకాలు మధ్యలో గోడలు కట్టుకోకుండానే విభజన చెందుతూ నీళ్లలో తేలుతుంటాయి. గోడలు కట్టుకున్నకొద్దీ కొబ్బరి పేరుకుంటుంది. పొటాషియం ఎక్కువని, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లని డాక్టర్లు తాగొద్దనేది ఆ నీళ్లే. మా ఊరికి కావలసిన పాఠమంతా ఒక్క కాయలో ఉంది.

ఈ పాఠంలో తప్పేమీ లేదు, ఒక పేరా తక్కువ. వారసత్వం ఏం చెప్పగలదో రాశారు, ఎక్కడ ఆగిపోతుందో కూడా రాయాలి. అందాకా బఠాణీలయ్యాక అత్తాకోడళ్ల లెక్క నేనే చెప్తాను, మేనరికంతో సహా.