లూకాస్ వైరింగు: రంగులు చదివే విద్య

పాత స్పోర్ట్స్ కారు డాష్‌బోర్డు మీద మిణుకుమిణుకుమనే ఆకుపచ్చ బాణం వెనక ఒక పూర్తి వలయం ఉంటుంది: బ్యాటరీ, ఇగ్నిషన్ స్విచ్చి, ఫ్యూజు, ఫ్లాషర్, స్టీరింగు పక్కన స్విచ్చి, బల్బు, చివరికి ఎర్తుగా పనిచేసే కారు బాడీ. బాణం వెలగలేదంటే ఈ దారిలో ఎక్కడో ఒకచోట తెగినట్టే. ఎక్కడ తెగిందో ఊహించకుండా వరసగా వెతికి పట్టుకోవడం ఒక విద్య. ఆ విద్య నేర్వడానికి ఎమ్‌జీబీని మించిన కారు లేదు.

ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు 5 లక్షలకు పైగా ఎమ్‌జీబీలు తయారయ్యాయి. దీని 1798 సీసీ ఇంజనూ, మన అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనూ ఒకే బీ-సిరీస్ కుటుంబం. వైరింగు బర్మింగ్‌హామ్‌కు చెందిన లూకాస్ కంపెనీది. జోసెఫ్ లూకాస్ తోపుడు బండి మీద కిరోసిన్ అమ్ముకుంటూ మొదలుపెట్టాడని చెబుతారు. లూకాస్‌ను ‘చీకటి రాజు’ అని వెక్కిరించడం కార్ల ప్రియులకు అలవాటు. ఆ వెక్కిరింతకు 1966లోనే జవాబు దొరికింది. న్యూర్‌బర్గ్‌రింగ్‌లో రాత్రింబవళ్లు 84 గంటలు సాగిన మారథాన్ ద లా రూట్ పోటీలో ఆండ్రూ హెడ్జెస్, జూలియన్ వెర్నేవ్ నడిపిన ఎమ్‌జీబీ మొదటి స్థానంలో నిలిచింది.

ఈ వైరింగు గొప్పతనమంతా రంగుల్లో ఉంది. గోధుమ రంగు వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, దానికి ఫ్యూజు ఉండదు. తెలుపు ఇగ్నిషన్ స్విచ్చి దాటాక వచ్చే కరెంటు. అదే ఫ్యూజు కూడా దాటితే ఆకుపచ్చ. ఊదా రంగుకు తాళం చెవితో పనిలేదు, ఫ్యూజు ద్వారా ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఎరుపు సైడు లైట్లది, నీలం హెడ్‌లైట్లది, నలుపు ఎర్తుది. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఉంటే ఎడమ ఇండికేటర్, తెల్ల గీత ఉంటే కుడి ఇండికేటర్. నీలం మీద తెల్ల గీత హైబీమ్ దీపానికి వెళుతుంది. గోధుమ మీద పసుపు గీత ఉన్నది ఛార్జింగు దీపాన్ని ఆల్టర్నేటర్‌తో కలుపుతుంది. ఇవి కంఠతా వచ్చినవాడికి డాష్‌బోర్డు కింద తలదూర్చిన మరుక్షణమే సగం పని అయిపోతుంది.

బాణం వెలగకపోతే పరీక్ష బల్బు దగ్గర మొదలవ్వాలి. డాష్‌బోర్డు బల్బు 2.2 వాట్లది, మర బల్బు. హోల్డరు వదులైనా, మొన మీద మసి పట్టినా వెలగదు. బల్బు బాగుంటే తర్వాత ఫ్యూజు. గాజు ఫ్యూజు చూపుకు బాగానే కనిపిస్తూ, దాన్ని పట్టి ఉంచే రేకులు చిలుము పట్టి ఉండటం మామూలే. హజార్డ్ స్విచ్చి ఉన్న మోడళ్లలో ఇండికేటర్ కరెంటు ఆ స్విచ్చి గుండానే వెళుతుంది. దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ నొక్కరు, లోపలి కాంటాక్టులు మసకబారతాయి. నాలుగైదుసార్లు గట్టిగా వేసి తీస్తే చాలాసార్లు ఇండికేటర్ తిరిగి పనిచేస్తుంది.

నిపుణుడికీ సాధారణ మెకానిక్కుకూ తేడా తెలిసేది ఎర్తు దగ్గర. వెనక ఇండికేటర్ బల్బు 21 వాట్లది, దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. డాష్‌బోర్డు బల్బుకు 0.18 ఆంపియర్లు చాలు. దారిలో ఒక్క ఓము చిలుము చేరితే చిన్న బల్బు 0.2 వోల్టులోపే పోగొట్టుకుంటుంది, పెద్ద బల్బు మాత్రం ఒకటిన్నర వోల్టు దాకా కోల్పోతుంది. అందుకే లోపల బాణం నిక్షేపంగా వెలుగుతున్నా బయట దీపం నీరసంగా ఉండవచ్చు. మల్టీమీటరు కూడా మోసం చేస్తుంది. ఒక్క పోగు మీద వేలాడే వైరులోనూ అది 12 వోల్టులు చూపిస్తుంది. కాస్త కరెంటు లాగే టెస్ట్ ల్యాంపు మాత్రం నిజం చెబుతుంది.

ఎడమ ఇండికేటర్ వేస్తే మీటర్ల లోపలి దీపాలు కూడా దానితో పాటు లయగా మినుకుమంటున్నాయా? అది ముందు దీపం ఎర్తు తెగిన గుర్తు. బాడీలోకి దారి దొరకని కరెంటు పక్కనే ఉన్న సైడు లైటు ఫిలమెంటు గుండా ఎదురెక్కి, ఎర్ర వైరు పట్టుకుని మీటర్ల దాకా చేరుతుంది. ఒక్క చూపుతో ఇది పసిగట్టి, గ్రిల్ వెనక ఉన్న నల్ల వైరు కనెక్టరు గీకి, పది నిమిషాల్లో కారు అప్పగించేవాడి చేతికి దండం పెట్టాలి.

ఎర్ర ఛార్జింగు దీపం వీటన్నిటికంటే తెలివైనది. దానికి ఒక పక్క ఇగ్నిషన్ కరెంటు, రెండో పక్క ఆల్టర్నేటర్. ఇంజను తిరిగి రెండు పక్కలా వోల్టేజి సమానమైతే దీపం ఆరిపోతుంది. ఇంజను తిరుగుతున్నా మసకగా వెలుగుతుంటే ఆల్టర్నేటర్ డయోడునో, ఇగ్నిషన్ దారిలో వోల్టేజి నష్టాన్నో అనుమానించాలి. తాళం తిప్పగానే అసలు వెలగకపోతే మరీ ప్రమాదం. ఆల్టర్నేటర్‌ను మేల్కొలిపే తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది.

ఇంత పొందికైన పనిని నాశనం చేస్తున్నది చవక సరుకు. ఛార్జింగు దీపం స్థానంలో ఎల్‌ఈడీ పెడితే తగినంత కరెంటు పారక ఆల్టర్నేటర్ నిద్రలేవదు. 1967కు ముందు కార్లు పాజిటివ్ ఎర్తువి. వాటిలో మామూలు బల్బుకు తేడా పడదు కానీ, ఎల్‌ఈడీని తిప్పి పెట్టకపోతే వెలగనే వెలగదు. వైరును మధ్యలో కొరికి పట్టుకునే నీలం ప్లాస్టిక్ క్లిప్పులు రాగి పోగుల్ని కోసి, తేమను లోపలికి పిలుస్తాయి. అన్నిటికంటే ఘోరం, లోపం దొరకలేదని డాష్‌బోర్డు కింద ఒకే రంగు వైరు కొత్తగా లాగి పారేయడం. ఆ తర్వాత వచ్చిన మెకానిక్కు ఏ వైరు ఎక్కడికి పోతుందో చచ్చినా తెలుసుకోలేడు. ఎమ్‌జీబీ ఎలక్ట్రికల్ వ్యవస్థ ఒక్కదాని మీదే రిక్ ఆస్ట్లీ ఒక పుస్తకమే రాశాడు. ఆ స్థాయి శ్రద్ధను చూసిన కళ్లతో ఈ అతుకుల్ని చూస్తే కడుపు మండుతుంది.

లూకాస్ వైరింగు చెడ్డది కాదు. ఎన్నో ఏళ్ల చిలుమునూ, ఎందరో తొందరపాటు మెకానిక్కులనూ భరించి ఇంకా పనిచేస్తున్నది. పాత కారు చేతిలో ఉన్నవారు కటింగ్ ప్లయరు పట్టుకునే ముందు వైరింగు పటం విప్పాలి. కొత్త వైరు తప్పనిసరైతే అదే రంగు, అదే గీత ఉన్నదే కొనాలి. మొదట ఎర్తులు శుభ్రం చేయండి, వైరు మార్చడం ఆఖరి మాట.