ఒకదాని మాట ఒకటి విన్న కంప్యూటర్లు

పక్కవాళ్లు వాయించేది వింటూ, దానికి తగ్గట్టు తన వాద్యం నడుపుకోవడం మనిషికి తెలిసిన విద్య. దాన్ని యంత్రాలకు నేర్పిన బృందం ఒకటుంది. 1978లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో జిమ్ హార్టన్, జాన్ బిషాఫ్, రిచ్ గోల్డ్ కలిసి మొదలుపెట్టిన 'లీగ్ ఆఫ్ ఆటోమేటిక్ మ్యూజిక్ కంపోజర్స్' అది. డేవిడ్ బెర్మన్, ఆ తర్వాత టిమ్ పెర్కిస్ వారితో చేరారు.

వారి చేతిలో ఉన్నది కిమ్-1. 1976లో 245 డాలర్లకు వచ్చిన ఈ కంప్యూటర్‌కు పెట్టె లేదు, తెర లేదు. ఉన్నదల్లా ఒట్టి సర్క్యూట్ బోర్డు. దాని మీద 6502 చిప్, సుమారు 1 కిలోబైట్ మెమరీ, ఆరంకెల డిస్‌ప్లే, చిన్న కీప్యాడ్. ప్రోగ్రామును హెక్సాడెసిమల్‌లో బైటు తర్వాత బైటుగా నొక్కి ఎక్కించాలి. కరెంటు తీస్తే అంతా చెరిగిపోతుంది కనుక మామూలు ఆడియో క్యాసెట్‌లో దాచుకోవాలి.

ఇలాంటి బోర్డుతో స్వరం పలికించడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. కిమ్ గడియారం సెకనుకు 10 లక్షల సార్లు కొట్టుకుంటుంది. 440 హెర్ట్జ్ స్వరం కావాలంటే దాదాపు 1136 లెక్కపెట్టి అవుట్‌పుట్ తీగను ఆన్ చేయాలి, మళ్లీ అంతే లెక్కపెట్టి ఆపాలి. ఆ లెక్క తప్పితే శ్రుతి తప్పుతుంది. శబ్దం, స్వరాల ఎంపిక, పక్క యంత్రం నుంచి వచ్చే కబురు, ఇవన్నీ ఆ కొద్దిపాటి మెమరీలోనే ఇమడాలి. ఒక్క బైటు కూడా వృథా చేయడానికి వీల్లేని రచన ఇది.

తొలినాళ్లలో హార్టన్, బిషాఫ్ జంటగా చేసిన ఒక ప్రయోగం చూడండి. బిషాఫ్ యంత్రం అప్పుడప్పుడు ఒక స్వరం పలుకుతుంది. ఆ సంగతి అందగానే హార్టన్ యంత్రం ఆ స్వరాన్నే ఆధార షడ్జంగా తీసుకుని తన సంచారాన్నంతా అటు జరుపుకుంటుంది. రెంటి మధ్యా నడిచింది ఆ ఒక్క కబురే. అయినా వినేవారికి రెండు బుద్ధులు కలిసి ఆలోచిస్తున్నట్టు తోస్తుంది. లీగ్ పనితనమంతా నాకు ఈ పొదుపులోనే కనబడుతుంది. ఎవరి ప్రోగ్రాము వారు సొంతంగా రాసుకునేవారు. ఆ తర్వాతే ఎవరి యంత్రం ఎవరికి ఏం చెప్పాలో తేల్చుకుని, పోర్టుల మధ్య తీగలు కలిపేవారు. అందరినీ నడిపించే పెద్ద యంత్రమంటూ ఏదీ ఉండేది కాదు.

కొంతకాలం బర్క్‌లీలోని ఫిన్నిష్ హాల్లో రెండు వారాలకోసారి ఆదివారం ఈ నెట్‌వర్క్‌ను అమర్చేవారు. శ్రోతలు వచ్చి పోతూ ఉండేవారు. యంత్రాలు తమంతట తాము వాయించుకుంటుంటే, వాటిని కట్టినవారు కూడా శ్రోతలయ్యేవారు.

1983లో లీగ్ ఆగింది. బిషాఫ్, పెర్కిస్‌లతో పాటు మరికొందరు చేరి 'ది హబ్' బృందంగా ఆ పనిని కొనసాగించారు. ఈసారి నేరుగా యంత్రం నుంచి యంత్రానికి తీగలు లాగకుండా, అందరూ రాసి అందరూ చదువుకోగల ఉమ్మడి మెమరీని మధ్యలో పెట్టారు. 1987లో న్యూయార్క్‌లో రెండు వేర్వేరు చోట్ల కూర్చున్న వాద్యకారులను టెలిఫోన్ మోడెమ్‌తో కలిపారు.

లీగ్ రికార్డింగులు 2007లో న్యూ వరల్డ్ రికార్డ్స్ ఆల్బమ్‌గా వచ్చాయి. వింటుంటే ఒక్కోచోట గరగర, ఒక్కోచోట అనుకోని పొందిక. ఆ పొందిక ఏ ఒక్కరూ రాసిపెట్టింది కాదు. యంత్రాలు ఎంత తక్కువ చెప్పుకుంటే ఎంత బాగా కలుస్తాయో తెలిసి తీగలు కలిపిన చేతుల నేర్పు అది. అందుకే ఆ నలుగురైదుగురిని నేను ఇంజనీర్లుగా కన్నా ముందు సంగీతకారులుగానే గౌరవిస్తాను.