చెవితో చూసే మెకానిక్

డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న టర్బో పెట్రోల్ కారు బానెట్ ఎత్తగానే వినిపించే టకటక శబ్దానికి కొత్త యజమాని కంగారు పడతాడు. మంచి మెకానిక్ పడడు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మాలి. పాత పద్ధతిలో 3, 4 బార్ల ఒత్తిడి సరిపోయేది; ఇక్కడ 200 బార్లు, కొన్నింట్లో 350. క్యామ్‌షాఫ్ట్ తోసే హైప్రెషర్ పంపు, రెప్పపాటు కన్నా వేగంగా తెరుచుకుని మూసుకునే ఇంజెక్టర్లు ఆ మాత్రం చప్పుడు చేస్తాయి. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్‌కు ఆనించి, పిడి దగ్గర చెవి పెట్టి, ఆ చప్పుడు పంపుదా, అరిగిన క్యామ్ ఫాలోయర్‌దా, వదులైన టైమింగ్ చైన్‌దా అని విడదీసి చెప్పడం నిజమైన విద్య. స్కానర్‌లో రైల్ ప్రెషర్ చూసేది ఆ తర్వాతే. ఈ వరుసంటే నాకు ఎంతో గౌరవం.

ఇంకో పని ఓపికది. ఈ ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోలు పడదు కాబట్టి ఆయిల్ ఆవిరి మసిగా గడ్డకడుతుంది. ట్యాంకులో పోసే క్లీనర్లు అక్కడికి చేరవు. మానిఫోల్డ్ విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి, ఒక్కో వాల్వునూ శుభ్రం చేయాలి. శుభ్రం చేసే వాల్వు తెరిచి ఉంటే పొడి సిలిండర్‌లోకి జారుతుంది. అందుకే క్రాంక్‌ను చేత్తో తిప్పి, టార్చి వేసి, వాల్వు మూసుకుందని మరోసారి చూసుకున్నాకే మెకానిక్ గొట్టం పట్టుకుంటాడు.