ఖంగున మోగే కుండ

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు రాగానే అందరూ రాతివనం చూస్తారు. నాకు పొదుపు సంఘాల ఆడవాళ్లు గుర్తొస్తారు. 1990లలో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం చేయూతతో ఈ మండలంలో కట్టిన మహిళా సంఘాలు రాష్ట్రానికే దారి చూపాయి. చేత్తో చేసిన సరుకును పదిమందిలో పెట్టి అమ్ముకునే ధైర్యం అలాంటి సంఘాలు ఇచ్చిందే.

అలా సరుకు అమ్ముకునే మేళాలో కుండల అంగడి ముందు కాసేపు నిలబడండి. పొద్దున్నే గడ్డి పరిచి, ఒక్కో కుండనూ పసిబిడ్డలా దించాలి. ఒకటి పగిలితే దాని మీద పెట్టిన పనంతా మట్టిపాలే. "ఎంతక్కా?" అని అడిగేలోపే అమ్మే ఆమె వేలి కణుపుతో కుండను తడుతుంది. ఖంగుమంటే బాగా కాలినట్టు, మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. ఇంతకు మించిన గ్యారంటీ ఏది? కుండ గోడల్లోని సన్నని రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. అందుకే మన పొడి ఎండల్లో కుండనీళ్లు అంత చల్లన.

మట్టి తొక్కడం, సారె తిప్పడం, ఆరబెట్టడం, ఆవంలో కాల్చడం ధరలో కనబడవు. ఈసారి బేరమాడే ముందు కుండను ఒక్కసారి మోగించి వినండి.