సార్డీనియా ద్వీపవర్ణనము: లారెన్సు, దెలెద్దా

స్వభావోక్తికి లక్షణము చెప్పుచు దండి, వస్తువుల రూపమును వాని వాని వేర్వేఱవస్థలయందుఁ గన్నులకుఁ గట్టునట్లు చూపుటయే యది యని నిర్ణయించెను. ఈ యవస్థాభేదనియమమును సాధారణముగాఁ గావ్యములలోని మృగపక్షివర్ణనములకే పట్టించి చూచుట వాడుక. యాత్రాగ్రంథములకును బట్టించి చూచినచో నందుఁ బెక్కింటి గుణదోషములు తేటపడును. అట్టి పరీక్షకుఁ దగినది, ఆంగ్లరచయిత డి. హెచ్. లారెన్సు రచింపఁగా 1921 సంవత్సరమున న్యూయార్కునఁ బ్రకటింపఁబడిన ‘సముద్రము, సార్డీనియా’ యను గ్రంథము.

సార్డీనియా మధ్యధరాసముద్రద్వీపములలో వైశాల్యమున సిసిలీకి మాత్రమే తీసిపోవును. నడుమ జెన్నర్జెంతు పర్వతములు. వానిలో నత్యున్నతశిఖరము 1,834 మీటరుల యెత్తు. లారెన్సు ఆ 1921 జనవరిలోనే సిసిలీలోని తావొర్మీనానుండి భార్యతోఁ గూడ బయలుదేఱి, పలెర్మోలో నోడ యెక్కి, ద్వీపమునకు దక్షిణమున నున్న కాల్యారి రేవునఁ దిగెను. అచ్చటినుండి చిన్నపొగబండిలో మాందసు, సోర్గొనో యూళ్లకును, మోటారుబండిలో నువోరోకును బోయి, తూర్పువైపున ఒరొసేయి, సినిస్కోలా గ్రామములమీఁదుగాఁ దెర్రనోవా రేవు చేరెను. ఆ తెర్రనోవాకే నేఁడు ఓల్బియా యని పేరు. రాకపోకలన్నియుఁ గలిసి పదిదినములు. ద్వీపముమీఁద నున్నది వారమునకుఁ దక్కువయే. ఇంటికి మఱలిన పిదప జ్ఞాపకముచేతనే గ్రంథమును వ్రాసి ముగించెను.

వర్ణనశక్తియందు లారెన్సునకుఁ గొఱఁత లేదు. కాల్యారి యంగడిలోని గ్రుడ్లబుట్టలు, కూరగాయల ప్రోగులు, నల్లని పొడుగుటోపీలు దాల్చిన కాఁపులు, పొగబండి మెలికలు తిరుగుచు నెక్కిపోవు గుట్టలు, అన్నియు నతని మాటలలో సజీవములు. భార్యను గ్రంథమంతట రాణి తేనెటీఁగ యని పరిహాసముగాఁ బిలుచుటయుఁ గథకుఁ జనువు దెచ్చుచున్నది.

అయినను సర్వోత్తమమైనది సోర్గొనో ఘట్టము. దూరమునుండి చూడఁగా నాయూరు చెట్లుగల కొండలనడుమ ముచ్చటగొలుపును. ప్రయాణికులు దానిపై నాసలు పెంచుకొందురు. దిగి చూచినంతనే పూటకూటియిల్లు మురికికూపము. యజమానుని చొక్కా మఱకలమయము. చలికాఁచుకొనుటకు నిప్పు లేదు. లారెన్సు మండిపడి యూరినెల్లఁ దిట్టిపోయును. అప్పుడు భార్య, ఇంత యాగ్రహమేల, ఇదియు జీవితమే కదా యని మందలించును. తన కోపమునకు విరుద్ధమైన యా మందలింపును దాఁచక వ్రాయుట యతని సత్యసంధతకు నిదర్శనము. పిమ్మట రాత్రి చీఁకటిగదిలోఁ బొయ్యి రగులును. ఒక ముసలివాఁడు మేఁకపిల్లను నినుపసలాకకుఁ గ్రుచ్చి సెగను ద్రిప్పుచు, మండుచున్న క్రొవ్వును దానిమీఁద బొట్లుబొట్లుగా రాల్చుచుండును. ఊరిని దిట్టిన చేయియే యీ దృశ్యమును గ్రంథమున మఱి యెచ్చటను లేనంత శ్రద్ధతోఁ జిత్రించినది. ఒకే యింటికి సాయంకాలపు రోఁతయు రాత్రి వెచ్చఁదనమును రెండును లభించినవి. దండి కోరిన యవస్థాభేద మిదియే. కదలిపోవుటకు బండి లేక నిలిచిపోవలసివచ్చుటచేతనే యీ లాభము గలిగెను; బండి కిటికీలోనుండి చూచి కడచిన యూళ్లకు నీ భాగ్యము లేదు.

దోషము సిద్ధాంతభాగమునఁ గలదు. సార్డీనియా నాగరకతావలయమునకు వెలుపలిదనియుఁ, జరిత్ర దానిని లోఁగొనలేదనియు లారెన్సు తలంపు. ఇది చెల్లదు. ఫినీషియనులు, కార్తేజివారు, క్రీ. పూ. 238 మొదలుకొని రోమనులు, పిమ్మటఁ బీసావారు, అరగానురాజులు, 1720 నుండి సవోయివంశమువారు ఆ ద్వీపమున నధికారము నెఱపిరి. వీరందఱికిఁ బూర్వమే, కంచుయుగమున, అచ్చటివారు గట్టిన ‘నురాగే’ లను ఱాతిబురుజులు ఏడువేలకుఁ బైఁగా నేఁడును గానవచ్చుచున్నవి. వానిలోఁ బ్రసిద్ధమైన బరూమినిబురుజును 1951 మొదలుకొని జొవన్ని లిల్లియు త్రవ్వించి వెలికిఁ దీసెను. అది 1997లోఁ బ్రపంచవారసత్వస్థలముగా గుర్తింపఁబడెను. లారెన్సు రాత్రి బసచేసిన మాందసునకు బరూమిని దవ్వు కాదు.

తీరప్రాంతము నిర్జనమై యుండుటయు నాద్వీపమునకుఁ బుట్టుగుణము కాదు. ఓడదొంగల దాడులును మలేరియాజ్వరమును జనులను గొండలలోనికిఁ దఱిమినవి. 1946 మొదలు 1950 వఱకు డి. డి. టి. చల్లి దోమలను జంపిన పిదపఁ గాని యా జ్వరము తొలఁగలేదు. జనవరిలోఁ బోయినవానికి వేసవి తుద వడఁకుచుఁ బడియుండు పల్లె కానరాదు. కాఁబట్టియే శూన్యత యతనికి స్వేచ్ఛగాఁ దోఁచినది. సోర్గొనోయందు రెండవస్థలను జూచినవాఁడు ద్వీపమున కంతకును నొక్క యవస్థయే కలదని భ్రమించెను.

దీని కెదుట నిలుపఁదగినది గ్రాట్సియా దెలెద్దా 1913లోఁ బ్రకటించిన ‘గాలికి ఱెల్లు’ అను నవల. ఈమె 1871లో నువోరోనఁ బుట్టినది. 1926 సంవత్సరపు నోబెలు బహుమానము నందినది. నవలయందలి గాల్తె గ్రామమునకు మూలము ఒరొసేయి దగ్గఱఁ జేద్రీనో నదిలోయలో నున్న గల్తెల్లి. లారెన్సు ప్రయాణమును నా ప్రాంతముమీఁదనే సాఁగినది. కథారంభమున ఎఫిక్సు అను పాలేరు, చితికిపోయిన పింటోరు వంశపు ముగ్గురక్కచెల్లెండ్రకు మిగిలిన చిన్న తోఁటను వఱదనుండి కాపాడుటకై, తాను గట్టిన కట్టను బలపఱచుచుఁ గనఁబడును. వానికిఁ జాలకాలముగా జీతము ముట్టలేదు. కొండయు నేఱును ఱెల్లుపొదయు వానికిఁ జూచి యానందించుటకుఁ గాక, కాచికొనుటకును వెఱచుటకును నున్నవి. వఱద వచ్చునో, జ్వరము తిరుగఁబెట్టునో యను చింతలోనుండియే వెన్నెలయుఁ గొండగాలియు మెఱయును. వసంతోత్సవమునాఁటి లోయ వేఱు, రోగినాఁటి లోయ వేఱు. స్థలము మాత్ర మొక్కటియే.

స్థానికునికే సత్యము తెలియునను వాద మిచ్చటఁ బనికిరాదు. ఈ నవల వెలువడునాఁటికి దెలెద్దా రోమునఁ గాపురముండి పదుమూఁడేండ్లయినది. ఆమెయు జ్ఞాపకముచేతనే వ్రాసినది. కాని యా జ్ఞాపకమునఁ బెక్కు ఋతువులు గలవు. ఆమెయందును లోపము లేకపోలేదు: పాపము, ప్రాయశ్చిత్తము నను నొక్క సూత్రమే పలునవలలఁ బునరుక్తమగును, లారెన్సునందలి హాస్య మీమె కథలలో నరుదు.

నువోరో ఘట్టమున నీ భేదము విస్పష్టము. చూడవలసిన వింతలు లేని యూరు దొరకినందులకు లారెన్సు సంతసించును. చిత్రశాలలచే విసిగినవాని మాటగా దాని నర్థము చేసికొనవచ్చును. పండుగవేషములతోఁ దిరుగు యువకుల నతఁడు చక్కఁగా వర్ణించెను. కాని దెలెద్దా యిచ్చట నివసించుచున్నదని వ్రాసి, ఆ యింటిపేరే గల మంగలియంగడి నొకదానిఁ బేర్కొని ముందునకు సాఁగును. ఆమె యూరు విడిచి యప్పటికే యిరువదియేండ్లు దాఁటినది.

ఏడేండ్ల తరువాత, 1928లో, ఆమె ‘తల్లి’ నవలయొక్క యాంగ్లానువాదమునకు లారెన్సే పీఠిక వ్రాసెను. కథాసంవిధానము గాని పాత్రపోషణము గాని కాక, సహజప్రవృత్తుల బలమే యా నవలకుఁ బ్రాణమని యతని మతము. ఆ నవలలోని తల్లి కుమారుని మతగురువుగాఁ జూడఁగోరి దాసీపని చేసిన పేదరాలు. గుడిలో జనులయెదుట వాని రహస్యము బయటఁబడునేమో యని తల్లడిల్లి, యచ్చటనే ప్రాణము విడుచును. దీనిలోఁ బ్రవృత్తి కంటె నెక్కువగాఁ బనిచేసినవి పేదఱికమును, ఊరివారి కన్నులును, పరువును. పీఠిక వీనికిఁ దగిన చో టీయలేదు.