బొమ్మలోని రోగి, బల్లమీది రోగి

రాంట్‌జెన్ 1895వ సంవత్సరంలో ఎక్స్‌-కిరణాలను కనుగొన్న సంగతి మన పాఠశాల విద్యార్థులకు తెలిసినదే. ఆ కిరణాలతో రోగికి పటం తీసే విద్యను ఎట్లా నేర్పుతారనే విషయం మాత్రం ఆసుపత్రి గోడలు దాటి బయటకు రాలేదు. ఈ విద్యకు ఆధారమైన గ్రంథాలలో ప్రసిద్ధమైనది కాథలీన్ క్లారా క్లార్క్ రచించిన 'పొజిషనింగ్ ఇన్ రేడియోగ్రఫీ'. ఆమె స్వయంగా రేడియోగ్రాఫరు. బ్రిటన్‌లోని రేడియోగ్రాఫర్ల సంఘానికి అధ్యక్షురాలైన తొలి మహిళ. 1939లో వెలువడిన ఈ గ్రంథం అనేక కూర్పులు పొంది, ఇప్పటికీ ఆమె పేరుతోనే నిలిచి ఉన్నది. మన దేశంలోని విద్యార్థులూ దీనిని చదువుతారు. ఆసుపత్రిలో జరిగే ప్రాయోగిక శిక్షణకు ఇది ఎంతవరకు తోడ్పడుతుందో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా గ్రంథం గుణాలను చెప్పుకోవాలి. ఏ ఎముకకు పటం తీయాలన్నా రోగిని ఎట్లా నిలపాలో, ప్లేటు ఎక్కడ ఉంచాలో, కిరణం ఏ బిందువు గుండా పోవాలో ఛాయాచిత్రంతో చూపి, దాని ప్రక్కనే రావలసిన ఎక్స్‌రే పటాన్ని ముద్రించారు. ప్రతి భంగిమ వెనుకా భౌతికశాస్త్రం ఉన్నది. ఉదాహరణకు ఛాతీ పటాన్ని తీసుకుందాం. రోగి ఛాతీని ప్లేటుకు ఆనించి నిలబడతాడు. కిరణాలు సుమారు 180 సెంటీమీటర్ల దూరం నుండి వీపు వైపుగా వస్తాయి. గుండె ప్లేటుకు 8 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనుకుంటే, దాని నీడ 180ని 172తో భాగించినంత, అనగా నూటికి 5 వంతులు మాత్రమే పెరుగుతుంది. లేవలేని రోగికి మంచంమీదనే, వీపు క్రింద ప్లేటు పెట్టి, 100 సెంటీమీటర్ల దూరం నుండి పటం తీశారనుకుందాం. అప్పుడు గుండె ప్లేటుకు 15 సెంటీమీటర్ల దూరమైతే, నీడ సుమారు 18 వంతులు పెరుగుతుంది. ఈ లెక్క తెలియనివాడు ఆరోగ్యమైన గుండెను వాచిన గుండె అని భ్రమపడవచ్చు.

ఇక గ్రంథం ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. కొంతకాలం క్రిందట మా మేనత్త మెట్లమీద జారిపడితే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాను. తుంటి ప్రక్కపటం తీయవలసి వచ్చినది. శిక్షణలో ఉన్న కుర్రవాడు "మామ్మగారూ, ఈ ప్రక్కకు తిరగండి" అంటూ ఆమె కాలు పట్టుకున్నాడు. ఆమె కేక పెట్టినది. తొడ ఎముక మెడ విరిగినప్పుడు కాలు తిప్పితే విరిగిన కొనలు మరింత తప్పుకోవచ్చు. ఇంతలో పెద్ద టెక్నీషియను వచ్చి, "మనిషిని తిప్పకు బాబూ, ట్యూబును తిప్పు" అన్నాడు. బాగున్న కాలిని పైకెత్తి ఆధారంమీద నిలిపి, దెబ్బతిన్న తుంటి ప్రక్కన ప్లేటును నిలువుగా పెట్టి, కిరణాన్ని అడ్డంగా పంపి పటం తీశాడు. ఆమెను అంగుళం కూడా కదల్చలేదు.

గమనించవలసినదేమంటే, ఈ పద్ధతి క్లార్క్ గ్రంథంలోనే ఉన్నది. ఆ కుర్రవాడు ఆ పుట చదివే ఉండవచ్చు. దానిని ఎప్పుడు తెరవాలో అతనికి తెలియలేదు. గ్రంథం చేయి, భుజం, కాలు, తుంటి, వెన్నెముక అంటూ దేహభాగాల వరుసలో నడుస్తుంది. రోగి మాత్రం నొప్పితో, భయంతో, బాధ ఎక్కడో సరిగా చెప్పలేని స్థితిలో వస్తాడు. బొమ్మలో కూర్చున్న మనిషి ఆరోగ్యవంతుడు; చెప్పినట్లు కూర్చుంటాడు. తరువాతి కూర్పులలో పిల్లలకు, వార్డులోని రోగులకు ప్రత్యేక ప్రకరణాలు చేర్చడం ఈ లోపాన్ని కొంత తీర్చినది. అయినా ఏ రోగికి ఏ పుట అన్న వివేకం అనుభవజ్ఞుని ప్రక్కన నిలబడి చూస్తేనే వస్తుంది.

బొమ్మలో అసలే కనబడనిది ఊపిరి. ఛాతీ పటానికి రోగి గాలి నిండుగా పీల్చి నిలపాలి. "ఊపిరి బిగబట్టు" అని మాత్రమే అంటే, పల్లెనుండి వచ్చిన తాత గాలి వదిలి బిగబట్టవచ్చు. అప్పుడు గుండె వెడల్పుగా, ఊపిరితిత్తుల అడుగుభాగం మసకగా కనబడుతుంది. "గాలి బాగా పీల్చు తాతా, వదలకుండా ఉండు" అని చెప్పి, ఒకసారి చేయించి చూసి, ఆ తరువాతనే మీట నొక్కాలి. ఇంగ్లీషు గ్రంథం ఈ తెలుగు మాటను నేర్పలేదు.

పొరపాటు జరిగితే మళ్ళీ తీయవచ్చుగదా అని కొందరంటారు. ఛాతీ పటానికి రోగి దేహానికి అందే మోతాదు సుమారు 0.02 మిల్లీసీవర్టులు, నడుము వెన్నెముక పటాలకు సుమారు 1.5. అనగా ఆ నడుము పటాలన్నీ రెండవసారి తీయవలసి వస్తే, అనవసరంగా డెబ్బైకి పైగా ఛాతీ పటాలు తీసినంత పని అవుతుంది. పూర్వం కిరణాలు ఎక్కువైతే ఫిల్ము నల్లబడి విద్యార్థి తప్పును వెంటనే బయటపెట్టేది. నేటి డిజిటల్ యంత్రం వెలుగునీడలను తానే సరిచేసి, ఎక్కువ మోతాదును కూడా అందమైన పటంగా చూపిస్తుంది. కాబట్టి తెరమీది పటంతో తృప్తిపడక, దానితోపాటు యంత్రం చూపే ఎక్స్‌పోజర్ ఇండెక్సు అనే అంకెను కూడా చదవడం విద్యార్థికి అలవాటు చేయాలి.

ఎన్ని పటాలు తీశాడన్న లెక్కతో శిక్షణను కొలిచే పద్ధతి వీటిలో ఏ ఒక్కదానినీ పట్టుకోలేదు. వంద పటాల రికార్డు పుస్తకంకంటే, పది మంది రోగులను ఎందుకట్లా నిలిపాడో విద్యార్థి తన నోటితో చెప్పగలగడం మేలు. తీసిన పటాన్ని గురువు ఎదుట తానే విమర్శించుకోవాలి. మళ్ళీ తీయవలసిన ప్రతి పటానికీ కారణం వ్రాయాలి. క్లార్క్ గ్రంథాన్ని బల్ల ప్రక్కన ఉంచుకొనవలసినదే. కాని ముందు బల్లమీది మనిషిని చూసి, ఆ పిమ్మట పుట తెరవాలి.

ఉపాధ్యాయులు ఈ విద్యకు తొలి పాఠాన్ని తమ తరగతిలోనే చెప్పవచ్చు. చీకటి గదిలో ఒక చిన్న దీపం, ఎదురుగా గోడ, నడుమ ఒక విద్యార్థి అరచేయి చాలు. చేతిని గోడకు దగ్గరగా, ఆపైన దూరంగా ఉంచి నీడను కొలిపించండి. రేపు ఆ పిల్లలలో ఎవరైనా ఎక్స్‌రే గదిలో నిలబడితే, మంచంమీది రోగి గుండె పెద్దదిగా ఎందుకు కనబడుతున్నదో వారికి వేరే చెప్పనక్కరలేదు.